నల్లబడిన గాంధీ నాణెం

పోయిన ఏడాది గాంధీ జయంతికి బరంపురంలోని మా బడిలో పాత వస్తువుల ప్రదర్శన పెట్టాం. ఇళ్లలో ఉన్న పాత ఉత్తరాలు, ఇత్తడి సామాన్లు, తాతల నాటి నాణేలు తీసుకురమ్మని పిల్లలకు వారం ముందే చెప్పాం. చెబుతూ చెబుతూ ఇంకో మాట కూడా చేర్చాం: "శుభ్రంగా తోమి తీసుకురండి, చూసేవాళ్లకు బాగుండాలి." ఆ మాట మేము అనకుండా ఉండాల్సింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం అదే.

ఎనిమిదో తరగతి అమ్మాయి కుంకుమ భరిణెలో పెట్టుకుని ఒక వెండి నాణెం తెచ్చింది. ఒకవైపు గాంధీగారి బొమ్మ, రెండోవైపు మూడు సింహాలు, 10 రూపాయలు. అద్దంలా మెరుస్తోంది. ముందురోజు రాత్రి ఆ పిల్ల తల్లి, మామ్మ కలిసి మొదట చింతపండుతో, ఆ తర్వాత విభూతితో తోమారట. "మామ్మ చెయ్యి నొప్పెట్టేదాకా తోమింది మాస్టారూ" అని ఆ పిల్ల గర్వంగా చెప్పింది. మేము దాన్ని మధ్య బల్ల మీద నల్లగుడ్డ పరిచి పెట్టాం.

ఏడో తరగతి అబ్బాయి అలాంటిదే ఇంకొకటి తెచ్చాడు. పాత వార్తాపత్రిక ముక్కలో చుట్టి ఉంది. అంచుల దగ్గర నీలం, లోపలికి వచ్చేసరికి పసుపు, గోధుమ రంగు, అక్కడక్కడ నలుపు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసిన వాళ్ల తాతగారు దాచిందట. ఆయన పోయాక పెట్టెలోంచి ఎవరూ తీయలేదు. తోమే తీరిక వాళ్లింట్లో ఎవరికీ దొరకలేదు. పిల్లవాడు సిగ్గుపడుతూ ఇచ్చాడు. మేము దాన్ని చివరి బల్ల మీద, సొట్టపోయిన చెంబు పక్కన పెట్టాం.

మధ్యాహ్నం ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ప్రదర్శన చూడటానికి వచ్చారు. ఆయనకు నాణేలు సేకరించే అలవాటు ఉంది. మధ్య బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా ముందుకు వెళ్లారు. చివరి బల్ల దగ్గర మాత్రం జేబులోంచి భూతద్దం తీసి, నల్లబడిన నాణేన్ని అంచులతో పట్టుకుని, కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చాలాసేపు చూశారు. "ఇది టంకశాల నుంచి వచ్చినట్టే ఉంది. దీన్ని ఎవరూ తోమకుండా చూడండి మాస్టారూ" అన్నారు. మరి మధ్య బల్ల మీదిది? అని అడిగాం. ఆయన కాస్త ఇబ్బంది పడి, "అదీ ఇలాంటిదే అయి ఉండేది, మొన్నటిదాకా" అన్నారు.

ఆ రోజు నుంచి మేము ఈ విషయం నేర్చుకోవడం మొదలుపెట్టాం. మన ఇళ్లలో, పూజ గదుల్లో, ట్రంకు పెట్టెల్లో ఇలాంటి వెండి నాణేలు చాలానే ఉన్నాయి. పండక్కో పిల్లల ప్రదర్శనకో వాటిని బయటికి తీసేముందు తల్లిదండ్రులు, టీచర్లు తెలుసుకోవాల్సిన సంగతులు ఇవి.

ముందు అది ఏ నాణెమో తెలియాలి

గాంధీ నాణెం తెచ్చిన రెండు కుటుంబాలూ దాన్ని "1948 నాటిది" అనే చెప్పాయి. నాణెం మీద 1869-1948 అని ఉంటుంది కదా, అందుకని. అవి గాంధీగారి జనన మరణ సంవత్సరాలు. ఆయన శతజయంతి సందర్భంగా 1969లో ఈ నాణెం విడుదలైంది. ముద్రించిన సంవత్సరం నాణెం మీద ఎక్కడా వేయలేదు. అందుకే చాలామంది పొరబడతారు. ఇది అరుదైనదేమీ కాదు, లక్షల సంఖ్యలో ముద్రించారు.

ఈ 10 రూపాయల నాణెం బరువు 15 గ్రాములు, వ్యాసం 34 మిల్లీమీటర్లు. అందులో వెండి 80 శాతం. అంటే అసలు వెండి 12 గ్రాములు. 1970లో 'అందరికీ ఆహారం' అన్న సందేశంతో వచ్చిన 10 రూపాయల నాణెం కూడా ఇదే బరువు, ఇదే వెండి. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా 1972లో వచ్చిన 10 రూపాయల నాణెం చేతిలోకి తీసుకుంటే ఇంకా బరువుగా ఉంటుంది. అది 22.5 గ్రాములు. కానీ అందులో వెండి 50 శాతమే. లెక్క వేస్తే 11.25 గ్రాములు. పెద్దదానిలో వెండి తక్కువ, చిన్నదానిలో ఎక్కువ! ఏడో తరగతి శాతాల పాఠానికి ఇంతకంటే మంచి లెక్క మాకు దొరకలేదు.

వెండి కానివాటిని వెండి అనుకోవడం ఇంకో పొరపాటు. 1964లో వచ్చిన నెహ్రూ రూపాయిని చాలా ఇళ్లలో వెండి అనుకుని దాచుకున్నారు. అది నికెల్. 1969లోనే వచ్చిన గాంధీ 1 రూపాయి, 50 పైసల నాణేలూ నికెల్‌వే. పరీక్ష సులువు. నికెల్‌ను అయస్కాంతం పట్టుకుంటుంది, వెండిని పట్టుకోదు. సైన్సు గదిలో ఉన్న చిన్న అయస్కాంతం చాలు. అయితే అయస్కాంతం పట్టుకోనంత మాత్రాన వెండి అని తేలిపోదు, రాగి నికెల్ మిశ్రమాన్ని కూడా అయస్కాంతం పట్టుకోదు. అక్కడ తక్కెడ పని చేస్తుంది. రాగి నికెల్ వెండి కంటే తేలిక. గాంధీ 10 రూపాయల కొలతలోనే రాగి నికెల్‌తో నకలు చేస్తే 13 గ్రాముల పైచిలుకు తూగుతుంది, 15 తూగదు. బరువు తేడాగా ఉన్నా, అంచు మీది గీతలు సరిగ్గా లేకపోయినా, అంచు చుట్టూ అతుకు గీత కనిపించినా అనుమానించాలి.

నాణెం ఎక్కడ ముద్రించారో కూడా చూడవచ్చు. ముంబయి టంకశాల చిన్న చుక్క గానీ డైమండ్ ఆకారం గానీ వేసేది. మనకు దగ్గరి కోల్‌కతా టంకశాల ఏ గుర్తూ వేయదు. హైదరాబాద్ టంకశాల గుర్తు నక్షత్రం. ఎన్‌టీఆర్ శతజయంతికి 2023లో విడుదల చేసిన 100 రూపాయల నాణెం ఆ హైదరాబాద్ టంకశాలలో తయారైందే. అందులో వెండి 50 శాతం.

'గుడ్' అంటే బాగున్నట్టు కాదు

నాణెం ఎంత మేరకు టంకశాల నుంచి వచ్చినట్టే మిగిలి ఉందో చెప్పే మాట గ్రేడు. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తన దేశపు పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు ఒక కొలమానం రాశాడు. తర్వాత దాన్నే అన్ని నాణేలకూ వాడటం మొదలుపెట్టారు. 70 అంటే లోపం కనిపించనిది. 60 నుంచి పైన ఉన్నవన్నీ చేతులు మారనివి.

ఈ కొలమానంలోని మాటలు మనల్ని తికమక పెడతాయి. బడిలో 'గుడ్' అని వస్తే పిల్లవాడు ఇంటికి గంతులేస్తూ వెళతాడు. నాణేల్లో 'గుడ్' అంటే అరిగి అరిగి బొమ్మ రూపురేఖలు మాత్రమే మిగిలినది. 'ఫైన్' అన్నా బాగా అరిగినదే. 'వెరీ ఫైన్'లో సగానికి పైగా వివరాలు కనిపిస్తాయి. 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్'లో అన్ని వివరాలూ ఉంటాయి, ఎత్తయిన చోట్ల మాత్రమే కాస్త చదునవుతుంది. ఆ పైది 'అబౌట్ అన్‌సర్క్యులేటెడ్', అంటే అరుగుదల కొనల మీద ఛాయగా మాత్రమే ఉన్నది. అసలు అరగనిది 'అన్‌సర్క్యులేటెడ్'. కొనేటప్పుడు "ఫైన్ కాయిన్ అండీ" అని ఎవరైనా అంటే ఆ మాటకు అర్థం ఏమిటో గుర్తుంచుకోవాలి.

'ప్రూఫ్' అన్నది గ్రేడు కాదు. అది తయారీ పద్ధతి. సేకరణ చేసేవాళ్ల కోసం ప్రత్యేకంగా మెరుగుపెట్టిన అచ్చులతో కొడతారు. నేపథ్యం అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. మామూలు నాణేన్ని బాగా తోమి ప్రూఫ్ అని అంటగట్టేవాళ్లు ఉంటారు. తోమినదాని మెరుపు బొమ్మ మీదా నేపథ్యం మీదా ఒకేలా ఉంటుంది, అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. ప్రూఫ్ నాణెంలో అక్షరాల అంచులు పదునుగా లేచి ఉంటాయి.

దీపం కింద పెట్టి చూడటం

కావలసినవి మూడే. ఒక బల్ల దీపం, 5 నుంచి 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, బల్ల మీద పరిచిన మెత్తటి గుడ్డ. నాణేన్ని బొటనవేలు, చూపుడువేలుతో అంచుల దగ్గర మాత్రమే పట్టుకోవాలి. బొమ్మ మీద వేలు పడితే చెమటా జిడ్డూ అంటుకుని కొన్నాళ్లకు వేలిముద్ర ఆకారంలోనే మచ్చ పడుతుంది. గుడ్డ పైనే పట్టుకోవాలి, జారినా దెబ్బ తగలదు. వెండి అవునో కాదో తెలుసుకోవడానికి గచ్చు మీద వేసి గల్లుమనే చప్పుడు వినడం మన పెద్దల అలవాటు. ఆ ఒక్క చప్పుడుకు అంచు మీద ఒక సొట్ట పడుతుంది. ఆ పని వద్దు.

మొదట మెరుపు చూడాలి. టంకశాలలో రెండు అచ్చుల మధ్య లోహం నొక్కుకుపోయేటప్పుడు అది మధ్య నుంచి అంచుల వైపు పాకుతుంది. ఆ పాకిన జాడలు కంటికి కనిపించనంత సన్నని గీతలుగా నాణెం మీద మిగిలిపోతాయి. దీపం కింద నాణేన్ని నెమ్మదిగా తిప్పితే ఈ గీతల వల్లే వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. అలా తిరిగితే టంకశాల మెరుపు ఇంకా ఉన్నట్టు. మా చివరి బల్ల మీది నాణెంలో, ఆ నలుపూ పసుపుల కింద కూడా, వెలుగు అలాగే తిరిగింది. విభూతితో తోమిన నాణెంలో వెలుగు తిరగలేదు. ఏ వైపు వంచినా స్టీలు గిన్నె అడుగులా ఒకటే తళుకు.

రెండోది, ఎత్తయిన చోట్లు చూడాలి. ఏ నాణెమైనా ముందు అరిగేది అక్కడే. గాంధీగారి బొమ్మ ఉన్నవైపు చెవి అంచు, బుగ్గ ఎముక, కనుబొమ. సింహాల వైపు మధ్య సింహం ఛాతీ, జూలు. అక్కడ రంగు మిగతా నాణెం కంటే బూడిదగా, మెరుపు లేకుండా ఉంటే అరుగుదల మొదలైనట్టు. జూలులో వెంట్రుకల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఇంకా కిందికి దిగినట్టు.

ఒక్కోసారి అచ్చు సరిగ్గా పడక కూడా వివరాలు మసకగా ఉంటాయి. అది అరుగుదల కాదు. తేడా తెలుసుకోవడానికి మళ్లీ మెరుపే ఆధారం. మసకగా ఉన్న చోట మెరుపు ఉంటే అచ్చు లోపం, మెరుపు పోయి ఉంటే అరుగుదల.

మూడోది, దెబ్బలు చూడాలి. టంకశాలలో నాణేలన్నీ ఒకే సంచిలో పడతాయి, ఒకదానికొకటి తగులుతాయి. అందువల్ల వాడకంలోకి రాని నాణేనికి కూడా చిన్న చిన్న గాట్లు ఉంటాయి. అవి ఉన్నంత మాత్రాన 'అన్‌సర్క్యులేటెడ్' కాకుండా పోదు. కానీ గాటు గాంధీగారి బుగ్గ మీద పడిందా, ఒక మూల పడిందా అన్నదాన్ని బట్టి 60 నుంచి 70 లోపు అంకె మారుతుంది.

నాలుగోది, అంచు. మన ఇళ్లలో వెండి రూపాయలను పిల్లల మొలతాడుకు కట్టడం, దండగా గుచ్చడం ఉంది. కంసాలి దగ్గర కొక్కెం అతికించి, తర్వాత ఎప్పుడో తీయించేస్తారు. అతికిన చోట అంచు గీతలు కరిగి చదునుగా ఉంటాయి. భూతద్దంతో అంచు చుట్టూ ఒకసారి చూస్తే తెలిసిపోతుంది.

ఈ స్మారక నాణేల గురించి ఇంకో విషయం మాకు ఆలస్యంగా తెలిసింది. ఇవి సంతలో చేతులు మారి అరిగింది తక్కువ. జనం వీటిని ఖర్చు పెట్టలేదు, దాచుకున్నారు. అరిగినవి ఎక్కువగా పూజలో అరిగాయి. ప్రతి దీపావళికీ, ప్రతి శ్రావణ శుక్రవారానికీ కడిగి, తోమి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ కడిగి దాచినవి అవి.

నలుపు ఎందుకు వస్తుంది, తోమితే ఏం పోతుంది

గాలిలో కొద్దిగా ఉండే గంధకం వాయువులతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. అది పలచగా ఉన్నప్పుడు పసుపుగా, ఇంకాస్త మందమైతే ఎరుపు ఊదాగా, తర్వాత నీలంగా, చివరికి నల్లగా కనిపిస్తుంది. సబ్బు బుడగ మీద రంగులు కనిపించినట్టే ఇదీ. కాగితం, రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డల్లోని గంధకం ఈ పనిని వేగం చేస్తుంది. మా అబ్బాయి తెచ్చిన నాణెం అంచులకు ఆ నీలం రంగు వార్తాపత్రిక కాగితం వల్లే వచ్చి ఉంటుంది.

ఈ పొర కిందే మొదటి మెరుపు ఉంది. విభూతి, పళ్లపొడి, ముగ్గుపిండి, టూత్‌పేస్టు, ఇవన్నీ సన్నని రాపిడి పొడులు. నలుపుతోపాటు మెరుపునిచ్చే ఆ సన్నని గీతలను కూడా గీకేస్తాయి. భూతద్దంలో చూస్తే ఒకే దిక్కుకు వెళ్లే వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. చింతపండు పులుసు, దుకాణంలో అమ్మే వెండి కడిగే ద్రావకం రాపిడి చేయవు గానీ పైపొరను కరిగిస్తాయి. బేకింగ్ సోడా, అల్యూమినియం రేకుతో నలుపు పోగొట్టే ప్రయోగం తరగతిలో చూపించడానికి బాగుంటుంది, కానీ దాచుకున్న నాణెం మీద చేయకూడదు. ఆ ప్రయోగానికి పాత వెండి పట్టీ చాలు.

తోమిన నాణెం మళ్లీ నల్లబడుతుంది. మెరుపు మాత్రం మళ్లీ రాదు. గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చే సంస్థలు అమెరికాలో 1980లలో మొదలయ్యాయి. తోమిన నాణెం వస్తే అవి సాధారణంగా అంకె ఇవ్వవు, 'శుభ్రం చేసినది' అని రాసి పంపుతాయి.

మరి పసుపు కుంకుమ అంటుకుని ఉంటే? శుద్ధమైన డిస్టిల్డ్ నీటిలో కొన్ని గంటలు నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దాలి. జిగురు, నూనె లాంటివి ఉంటే అసిటోన్ వాడతారు. అది వెండిని ఏమీ చేయదు. కానీ త్వరగా అంటుకుంటుంది, కాబట్టి పెద్దవాళ్లే, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి. ఆ తర్వాత నాణేన్ని మెత్తగా, జిగటగా ఉండే పీవీసీ కవరులో పెట్టకూడదు. కొన్నేళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బీ గానీ, నాణేల కోసమే చేసిన మైలార్ కవరు గానీ మంచిది. వంటింటికి దూరంగా, తేమ లేనిచోట ఉంచాలి.

లక్షల కబురు

ప్రదర్శన అయిన నెల రోజులకు ఏడో తరగతి అబ్బాయి తండ్రి బడికి వచ్చారు. ఫోనులో ఒక వీడియో చూపించారు. "1948 గాంధీ వెండి నాణేనికి లక్షలు" అని అందులో ఉంది. కింద ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే, అవతలివాళ్లు తాము రిజర్వు బ్యాంకు తరఫున కొంటున్నామని చెప్పి, రిజిస్ట్రేషన్‌కు 2,000 రూపాయలు కట్టించుకున్నారు. ఇప్పుడు పన్ను అంటూ ఇంకా అడుగుతున్నారు. "కట్టేయమంటారా మాస్టారూ? పెద్దమ్మాయి హాస్టలు ఫీజుకు పనికొస్తుందని ఆశ" అన్నారు.

కట్టవద్దన్నాం. అసలు 1948లో ఈ నాణెం ముద్రించలేదని చెప్పాం. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఒక ప్రకటన చేసింది. పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడంతో తనకు సంబంధం లేదని, అందుకోసం ఎలాంటి రుసుమూ కమిషనూ అడగదని, ఎవరికీ ఆ పని అప్పగించలేదని అందులో స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఆయనకు చెప్పి, సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించాం. కట్టిన 2,000 తిరిగి రాలేదు. రెండోసారి కట్టకుండా మాత్రం ఆగారు.

అమ్మాలనుకునేవాళ్లు ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. నాణెం బరువును వెండి శాతంతో గుణించి, ఆ రోజు గ్రాము వెండి ధరతో మళ్లీ గుణించాలి. గాంధీ నాణేనికైతే 12 గ్రాముల ధర. అది అడుగు ధర. అంతకంటే తక్కువకు ఇవ్వనక్కర్లేదు. మామూలు స్థితిలో ఉన్నవాటికి దానికి కొంచెం పైన వస్తుంది. మొదటి మెరుపుతో, గాట్లు తక్కువగా ఉన్నవాటికి సేకరించేవాళ్లు ఇంకా ఎక్కువ ఇస్తారు. ఆ తేడాకు కారణం గ్రేడే. ఒక్కరి మాట విని అమ్మకుండా, కనీసం ఇద్దరు ముగ్గురికి చూపించాలి. అందరిచేతా గ్రేడు ఏమిటో, ఎందుకో చెప్పించుకోవాలి. కారణం చెప్పలేనివాడి దగ్గర బేరం వద్దు. కరిగించి ఇస్తామనే మాటకూ ఒప్పుకోకూడదు. 2011 నాణేల చట్టం ప్రకారం ప్రభుత్వ నాణేన్ని కరిగించడం నేరం.

ఆ తండ్రి నాణేన్ని ఇంకా అమ్మలేదు. ఫీజు వేరే దారిలో కట్టారు.

తరగతిలో ఎలా చేయాలి

ఇది నేర్పడానికి వెండి నాణేలు అక్కర్లేదు. మా బడిలో ఇప్పుడు ఇలా చేస్తున్నాం. పిల్లలు ఇంటి నుంచి చిల్లర తెస్తారు. ఒకే రకం రూపాయి బిళ్లలు పది ఏరుకుంటారు. ఏవి ఎక్కువ అరిగాయి, ఏవి తక్కువ అరిగాయి అని వరుసగా పేరుస్తారు. ఎందుకలా పేర్చారో ఒక్కో నాణేనికి తెలుగులో రెండు వాక్యాలు రాస్తారు. "బాగుంది, బాగాలేదు" అని రాయకూడదన్నది నియమం. ఎక్కడ అరిగింది, ఎక్కడ గాటు ఉంది, ఎక్కడ మెరుపు మిగిలింది, అవి మాత్రమే రాయాలి. రెండు జట్లు ఒకే పది నాణేలను విడివిడిగా పేర్చి, తర్వాత పోల్చుకుంటాయి. తేడా వచ్చిన చోట వాదన మొదలవుతుంది. ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు కలిపి మాట్లాడే పిల్లలు కూడా ఆ వాదనలో అరుగు, గాటు, సొట్ట, మకిలి, కిలుము, తళుకు లాంటి మాటలు వెతుక్కుని వాడటం చూశాం. నాణెం, నాణ్యం, నాణ్యత ఒకే కుటుంబపు మాటలని చెబితే పిల్లలు మొదట నమ్మలేదు.

ఒక పిల్లవాడు అడిగాడు, "వీటి మీద తెలుగు లేదేం మాస్టారూ?" అని. గాంధీ నాణెం మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే ఉన్నాయి. కానీ 1907 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాగి నికెల్ అణా బిళ్ల మీద విలువ తెలుగు లిపిలోనూ ఉంది. అది వెండి కాదు, పెద్ద ధరా పలకదు. ఎవరింట్లోనైనా ఉంటే దాన్నీ తోమకుండా తెమ్మన్నాం.

ఇక ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి సంగతి. తోమడం వల్ల ఏం పోయిందో ఆ పిల్లకు మేమే చెప్పాలనుకున్నాం, ఎందుకంటే తోమమన్నది మేమే. చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మామ్మకు చెప్పకండి మాస్టారూ" అంది. మేము చెప్పలేదు. కానీ ఆ పిల్లే చెప్పేసింది. మరునాడు మామ్మగారు స్వయంగా బడికి వచ్చారు. కోపం చేస్తారేమో అనుకున్నాం. "దాన్ని నలభై ఏళ్లుగా ప్రతి దీపావళికీ తోముతూనే ఉన్నాను నాయనా. మీరు చెప్పడం వల్ల పోయింది ఒక్కసారి తోమడమే" అన్నారు. అది మా తప్పును తగ్గించడానికి అన్నమాటే కావచ్చు. ఇక మీద పూజలో ఆ నాణేన్ని పెడతారు గానీ తోమరట. తోముకోవడానికి వేరే వెండి గిన్నె ఉందన్నారు.

ఈ ఏడాది ప్రదర్శనకు రెండు గాంధీ నాణేలనూ ఒకే బల్ల మీద, పక్కపక్కన పెడుతున్నాం. ఒక్కోదాని ముందు ఒక కార్డు ఉంటుంది. మొదటిదాని కార్డు ఆ అమ్మాయే రాసింది: '10 రూపాయలు, 1969, వెండి 80 శాతం. శుభ్రం చేసినది. ప్రతి దీపావళికీ మామ్మ పూజలో పెట్టేది.' రెండోదాని మీద అబ్బాయి ఇలా రాశాడు: '10 రూపాయలు, 1969, వెండి 80 శాతం. మెరుపు ఉంది. బుగ్గ మీద రెండు గాట్లు. తోమలేదు.'

పిల్లలకు ఈసారి ఇంటికి పంపిన చీటీలో కూడా ఒక్క వాక్యమే మార్చాం: "ఉన్నది ఉన్నట్టుగా తీసుకురండి."